సేరంపూరు తోటమాలి – విలియం కేరీ

దేవుని సేవ యనగానే పలువురి మనస్సులకు గొప్ప ప్రసంగములును, దూరదేశ ప్రయాణములును, వేలాది జనులు కూడిన సభలును తోచును. వంటయింటి పొయ్యి, దుకాణపు లెక్కలు, బడిపిల్లల పలకలు, పెరటిలోని పాదులు – ఇవి యన్నియు సేవకు వెలుపలి సంగతులని తలంచుట వాడుక. ఆరు దినములు ఏదో విధముగా గడిపి, ఆదివారమున మాత్రమే ఆనందమును వెదకు విశ్వాసులకు మన సంఘములలో కొదువ లేదు.

ఆధునిక మిషనరీ ఉద్యమ పితామహుడని పేరొందిన విలియం కేరీ జీవితము ఈ తలంపును సరిదిద్దును. ఆయన చేసిన భాషాంతరములును, స్థాపించిన కళాశాలయును అనేకులు ఎరిగినవే. అయితే అంత పని చేసిన మనుష్యుడు ఏ దినమునకు ఆ దినము దేనివలన బలము పొందెనో, ఎవరితో కూర్చుండి భుజించెనో, దేనిని చూచి సంతోషించెనో తెలిసికొనుట కూడ ఎంతో ప్రయోజనకరము. ఆ సంతోషము ఎక్కడ కొరతపడెనో తెలిసికొనుటయు అవసరమే.

చెప్పులు కుట్టు బల్లయొద్ద

ఇంగ్లండు దేశమున నార్తాంప్టన్‌షైరు జిల్లాలోని పాలర్స్‌పరీ అను చిన్న గ్రామమున 1761 ఆగస్టు 17వ తేదీన విలియం కేరీ జన్మించెను. తండ్రి ఎడ్మండు మగ్గముపై బట్ట నేసి జీవించెడివాడు. తరువాత ఆ గ్రామపు బడిపంతులుగా నియమింపబడెను. పీటర్ కేరీ అను పినతండ్రి సైనికుడై కెనడా దేశమునకు పోయి తిరిగివచ్చి, తోటపని చేసికొనుచుండెను. సముద్రముల ఆవలనున్న దేశముల మీది ఆసక్తియు, మొక్కల మీది మక్కువయు ఈ పినతండ్రి వలననే బాలుని హృదయమున నాటుకొనెను. విలియం గది నిండ ఆకులు, పురుగులు, పక్షులు ఉండెడివి. చెల్లెలు మేరీని వెంటబెట్టుకొని పొలముల గట్లవెంట తిరుగుచు వాటిని సేకరించెడివాడు.

పొలములో పని చేయవలెనని అతడు కోరెను గాని, ఎండ తగిలినచో అతని చర్మమునకు బాధ కలుగుచుండెను. కావున చెప్పులు కుట్టు పని నేర్చుకొనుటకు పిడింగ్టన్ గ్రామమున క్లార్క్ నికల్స్ అను వాని యొద్ద చేర్చిరి. అక్కడ తోడి పనివాడైన జాన్ వార్ అను యువకుడు ప్రభువును ఎరిగినవాడు. తోలు కోయుచు, దారము లాగుచు, ఆ యిద్దరు యువకులు చేసిన వాదములే కేరీని రక్షణ మార్గమునకు నడిపించెను. ఏ ప్రసిద్ధ ప్రసంగీకుని మాటలును ఇందుకు కారణము కాలేదు. ప్రక్కనే కూర్చుండి పని చేయు ఒక స్నేహితుని సాక్ష్యము చాలెను. 1783 అక్టోబరు 5న నార్తాంప్టన్ నగరమున నెన్ నదిలో జాన్ రైలండ్ అతనికి బాప్తిస్మమిచ్చెను.

1785లో మౌల్టన్ గ్రామమునకు చేరిన కేరీ పగలు బడిలో పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆదివారమున చిన్న సంఘమునకు వాక్యము బోధించుచు, ఆ రెండింటి ఆదాయము చాలనందున చెప్పులు కుట్టుచుండెను. పనిబల్లకు ఎదురుగా గోడమీద పెద్ద ప్రపంచపటము వ్రేలాడుచుండెను. కెప్టెన్ కుక్ సముద్రయాత్రల వృత్తాంతములను చదువుచు, ఒక్కొక్క దేశపు జనసంఖ్యను, మతమును ఆ పటముపై వ్రాసికొనుచుండెను. సూది తోలులో దిగుచుండగా అతని ప్రార్థన దేశముల చుట్టు తిరుగుచుండెను. పనిని విడిచి దర్శనమును వెదకుట గాని, దర్శనము నిమిత్తము పనిని నిర్లక్ష్యము చేయుట గాని అతడు ఎరుగడు.

ఈ ఆలోచనల ఫలముగా 1792లో అన్యజనులకు సువార్త చేర్చవలసిన బాధ్యతను గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రచురించెను. అదే సంవత్సరము నాటింగ్‌హాములో యెషయా గ్రంథపు 54వ అధ్యాయము ఆధారముగా ప్రసంగించెను. అక్టోబరు 2వ తేదీన కెటరింగ్ పట్టణమున ఒక విధవరాలి గృహమున కొద్దిమంది కాపరులు కూడి బాప్తిస్టు మిషనరీ సంఘమును స్థాపించిరి. ఆ దినమున వారు వాగ్దానము చేసిన చందా 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. మొక్కలు ఏరుటకు ఒకప్పుడు తోడువచ్చిన చెల్లెలు మేరీ అప్పటికి పక్షవాతమునకు లోబడెను. ఆమె యాభై సంవత్సరములకు పైగా మంచము విడువలేక, ఆ మంచము మీదనుండియే అన్న సేవకొరకు ప్రార్థించెను.

ఇష్టములేని ప్రయాణము

కేరీ భార్య డొరతీ అతనికంటె వయస్సులో పెద్దది. వివాహమైన 1781లో ఆమెకు అక్షరజ్ఞానము లేదు. వివాహపు పుస్తకమున సంతకమునకు బదులు సిలువ గుర్తు పెట్టెను. పుట్టిన గ్రామమును దాటి ఎరుగని ఆ స్త్రీ, గర్భవతియై యుండగా, తన భర్త భారతదేశమునకు పోవుటకు ఒప్పుకొనెనని వినెను. ఆమె రాననెను. కేరీ పెద్ద కుమారుడైన ఫెలిక్సును మాత్రము వెంటబెట్టుకొని ఓడ యెక్కెను. కాని ఆ ఓడ కదలకముందే ఆటంకములు కలిగి ఆయన దిగిపోవలసివచ్చెను. ఈలోగా డొరతీ ప్రసవించెను. తోడి మిషనరీయైన డాక్టర్ జాన్ థామస్ ఆమెయొద్దకు పోయి, కుటుంబము విడిపోయినచో జీవితాంతము పశ్చాత్తాపపడవలసి వచ్చునని హెచ్చరించెను. తన చెల్లెలు తోడు వచ్చినచో వచ్చెదనని ఆమె కొద్దిసేపటిలో ఒప్పుకొనెను. 1793 జూన్ 13న బయలుదేరిన డేనిష్ ఓడ నవంబరు నెలలో వారిని కలకత్తాకు చేర్చెను.

చేతిలోని డబ్బు త్వరలోనే అయిపోయెను. సుందరవనముల అంచున గుడిసె వేసికొని కొంతకాలముండి, 1794లో మాల్దా ప్రాంతమున మద్నావతి అను చోట నీలిమందు కర్మాగారమునకు కేరీ అధికారిగా కుదిరెను. ఆ సంవత్సరమే అయిదేండ్ల పీటర్ జబ్బుచేసి మరణించెను. అంటుముట్టు భయము వలన ఆ బిడ్డకు సమాధి త్రవ్వువారు దొరకుట కూడ కష్టమాయెను. తోడు వచ్చిన చెల్లెలు ఒక ఆంగ్లేయ ఉద్యోగిని వివాహమాడి విడిపోయెను. డొరతీ మనస్సు ఈ దెబ్బలను ఓర్వలేకపోయెను. ఆమె భర్తను అకారణముగా అనుమానించుచు, కేకలు వేయుచు, ఒక్కొక్కప్పుడు ప్రాణహాని చేయబోవుచు, 1807 డిసెంబరు 8న మరణించువరకు ఆ స్థితిలోనే ఉండెను. కేరీ ఆమెను తన గృహముననే ఉంచుకొనెను. ప్రక్కగదినుండి ఆమె కేకలు వినబడుచుండగనే ఆయన వాక్యమును భాషాంతరము చేయుచుండెను.

కేరీ జీవితమును వ్రాయువారు ఈ భాగమును త్వరగా దాటిపోవుట కద్దు. దాటిపోరాదు. పిలుపు పొందినది ఒకరు, దాని వెల చెల్లించినది మరియొకరు. తన పనిలో ఆయనకు దొరికిన ఆనందము తన గృహములోనే ఒకరికి చేరకపోయెను. ఆయన సహనము గొప్పదే. అయినను ఇల్లాలి భయమును మొదటనే నిదానముగా విని యుండినయెడల ఎట్లుండెడిదో అను ప్రశ్న మిగులుచున్నది. సేవకొరకు బయలుదేరు ప్రతి కుటుంబము ఈ ప్రశ్నను ప్రభువు సన్నిధిని వేసికొనవలసినదే.

ఒకే బల్ల, ఒకే సంచి

ఈస్ట్ ఇండియా కంపెనీవారు తమ పాలనలోని ప్రాంతములలో మిషనరీలను ఉండనీయరైరి. కావున 1799లో వచ్చిన జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, ముద్రాపకుడైన విలియం వార్డు మొదలగువారు హుగ్లీ నది యొడ్డున డేనిష్ వారి ఏలుబడిలోనున్న సేరంపూరునందు దిగిరి. 1800 జనవరి 10న కేరీ కుటుంబము అక్కడికి వచ్చి వారితో కలిసెను. నది యొడ్డున ఒక పెద్ద ఇల్లు కొని అందరును అందులో కాపురముండిరి.

వారి యేర్పాటు ఇట్లుండెను. అందరికిని ఒకే వంట, ఒకే భోజనపు బల్ల. ఎవరు ఏమి సంపాదించినను అది ఉమ్మడి సంచిలో పడవలెను. సొంత లాభముకొరకు ఎవరును వ్యాపారము చేయరాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క నెల ఇంటి వ్యవహారములను చూచుకొనవలెను. శనివారము సాయంకాలమున అందరును కూర్చుండి, ఆ వారములో ఒకరిమీద ఒకరికి కలిగిన నొప్పులను దాచక చెప్పుకొని, క్షమించుకొని, ప్రేమించుకొందుమని తిరిగి మాట యిచ్చికొనవలెను. భూమిమీద ఉమ్మడి కాపురము ఎంత కఠినమైనదో వారెరుగుదురు. అందుచేతనే ప్రేమను మంచి మనస్సునకు మాత్రమే విడువక దానికొక సాయంకాలమును నియమించిరి.

ఈ సహవాసము వలన మొదట మేలు పొందినది కేరీ బిడ్డలే. తల్లి జబ్బులో, తండ్రి పనిలో ఉండుటచేత వారు అదుపు లేక పెరుగుచుండిరి. కేరీ మృదు స్వభావము వారిని దండింపనియ్యలేదు. హన్నా మార్ష్‌మన్ వారిని తన బిడ్డలతోపాటు చేరదీసెను. వార్డు ఫెలిక్సును ముద్రాలయమున తన ప్రక్కన నిలుపుకొని పనియు, భక్తియు నేర్పెను. ఒక తండ్రి చేయలేనిది ఒక కుటుంబము చేసెను.

ఆ బల్లచుట్టు చోటు క్రమముగా పెరిగెను. 1800 సంవత్సరపు కడపటి దినములలో కృష్ణపాల్ అను వడ్రంగి స్నానఘట్టమున జారిపడి భుజము తప్పించుకొనెను. డాక్టర్ థామస్ దానిని సరిచేసి సువార్త చెప్పెను. డిసెంబరు 22న కృష్ణపాల్, అతని స్నేహితుడు గోకుల్ మిషనరీలతో కలిసి భోజనమునకు కూర్చుండిరి. కులకట్టు అందరి యెదుట తెగిపోయెను. వీధిలో అల్లరి పుట్టెను. 28వ తేదీ ఆదివారమున కేరీ తన కుమారుడు ఫెలిక్సుకును, కృష్ణపాల్‌కును హుగ్లీ నదిలో బాప్తిస్మమిచ్చెను. ఏడు సంవత్సరములు కనిపెట్టిన తరువాత లభించిన మొదటి ఫలము అది. ఆ సంతోషమును పట్టలేక థామస్ మతి చలించెను. ఒక గదిలో ఆయనయు, మరియొక గదిలో డొరతీయు మతిలేక కేకలు వేయుచుండగా నది యొడ్డున ఆ సంస్కారము జరిగెను. దుఃఖము తీరినపిమ్మట సంతోషింతమని కేరీ వేచియుండలేదు. రెండింటిని ఒకే దినమున దేవుని చేతినుండి అందుకొనెను.

1803లో బ్రాహ్మణుడైన కృష్ణప్రసాద్ వడ్రంగి కృష్ణపాల్ కుమార్తెను వివాహమాడెను. మిషనరీలు ఆ పెండ్లి భోజనమునకు కూర్చుండిరి. ఆ సంవత్సరమే గోకుల్ మరణించినప్పుడు, అతని శవపేటికను మార్ష్‌మన్, ఫెలిక్సు, బ్రాహ్మణ విశ్వాసియొకడు, మహమ్మదీయులలోనుండి వచ్చిన విశ్వాసియొకడు భుజములమీద మోసికొనిపోయిరి. శవము తాకినచో మైలయని ఎంచు ఆ పట్టణమునకు ఈ దృశ్యమే ఒక ప్రసంగమాయెను.

1801లో కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలయందు కేరీకి ఉపాధ్యాయ పదవి లభించెను. జీతము మొదట నెలకు 500 రూపాయలు, తరువాత 1000 రూపాయలు. స్వల్పమైన తన ఖర్చులకు కొంత ఉంచుకొని తక్కినదంతయు ఉమ్మడి సంచికే ఇచ్చెను. గవర్నర్ జనరల్ విందులో ఒక అధికారి ఆయనను తక్కువపరచ గోరి, ఈయన ఒకప్పుడు చెప్పులు చేసెడివాడు కాదా అని ప్రక్కవానిని వినబడునట్లుగా అడిగెను. కేరీ తానే బదులు చెప్పుచు, చెప్పులు చేయువాడను కూడ కాను, పాతవాటిని బాగుచేయువాడను మాత్రమే యని సరిదిద్దెనట.

గోడల నడుమ తోట

సేరంపూరులో కేరీ పెంచిన తోట సుమారు అయిదెకరములు. మద్నావతిలో నుండగనే ఆయన ఇంగ్లండుకు ఉత్తరములు వ్రాసి విత్తనములు, కొడవళ్లు, పనిముట్లు తెప్పించుకొనెడివాడు. సేరంపూరులో గోడ కట్టించి, చెట్లను శాస్త్రరీతిగా వర్గములవారీగా నాటించెను. తోటమాలులకు మొక్కల లాటిన్ పేర్లు కూడ నేర్పెను. సూర్యోదయమునకు ముందే అక్కడ నడచుచు ప్రార్థించుట ఆయన అలవాటు. ఆ ఘడియలో ఎవరును ఆయనను పలుకరించెడివారు కారు.

ఒకసారి ఇంగ్లండునుండి విత్తనముల సంచి వచ్చెను. సంచి ఖాళీ చేసిన తరువాత దానిలో మిగిలిన మట్టిని కూడ వ్యర్థము చేయనొల్లక నీడనున్న ఒక మూల దులిపెను. కొన్ని దినములకు అక్కడ ఒక మొక్క మొలచెను. చూడగా అది తన బాల్యమున పాలర్స్‌పరీ పచ్చికబయళ్లలో లెక్కలేనన్ని చూచిన చిన్న డైసీ పువ్వు. విలువలేని ఆ పువ్వును చూచి ఆయన ఆనందమునకు మేరలేదు. వానకాలమున ఆ మొక్క బ్రతుకదు గనుక ఏటేట దాని విత్తనములను కూర్చి మరల నాటుచుండెను. ఇంగ్లీషు కవి జేమ్స్ మంట్‌గమరీ ఈ సంగతి విని దానిపై ఒక పద్యము వ్రాసెను.

ఈ తోట పనిలేని వేళల వినోదము మాత్రమే కాదు. కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియైన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ కేరీకి ఆప్తమిత్రుడు. రాక్స్‌బర్గ్ అంతకుముందు మన తెలుగు తీరమున సామర్లకోటలో పెక్కు సంవత్సరములుండి, కోరమండల్ తీరపు మొక్కలను పరిశీలించి చిత్రములు వ్రాయించినవాడు. ఆయన ఒక వృక్షజాతికి తన స్నేహితుని పేరట కేరియా అని పేరు పెట్టెను. తూర్పు కనుమల అడవులలో పెరుగు కుంభి చెట్టు ఆ జాతిలోనిదే. రాక్స్‌బర్గ్ 1815లో మరణించిన తరువాత, ఆయన వ్రాసిన భారతదేశ వృక్షముల గ్రంథమును కేరీ సేరంపూరులో ముద్రింపించెను. 1820లో కేరీ పూనికతో కలకత్తాలో వ్యవసాయ తోటపని సంఘము ఏర్పడెను. రైతు పొలము, పండ్లచెట్లు, అడవుల పెంపకము మొదలగువాటిని గూర్చి ఆ సంఘము పాటుపడెను. మొక్కను చూచి ఆనందించిన కన్నులే రైతు పేదరికమును కూడ చూచెను.

ఒక దినపు పని

1806 జూన్ 12వ తేదీన కేరీ రైలండ్‌కు వ్రాసిన ఉత్తరమున కలకత్తాలో తాను గడిపిన ఒక దినపు వివరము కలదు. ఉదయము ఆరుగంటలకు పావుగంట ముందు లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడుగంటలవరకు ప్రార్థించెను. పిమ్మట పనివారితో కలిసి బెంగాలీ భాషలో కుటుంబ ప్రార్థన జరిగెను. తేనీరు వచ్చులోగా మున్షీతో పారసీక పాఠము. ఉదయ భోజనము తరువాత పండితునితో రామాయణ భాషాంతరము. పదిగంటలనుండి మధ్యాహ్నమువరకు కళాశాలలో బోధన. తిరిగివచ్చి యిర్మీయా గ్రంథపు బెంగాలీ ప్రూఫులు దిద్దెను. భోజనానంతరము కళాశాల ప్రధాన పండితునితో మత్తయి సువార్తను సంస్కృతమునకు మార్చెను. సాయంకాలము ఆరుగంటలకు తేనీరు త్రాగి ఒక తెలుగు పండితునితో కూర్చుండి తెలుగు నేర్చుకొనెను. ఏడున్నరకు ఇంగ్లీషులో ప్రసంగము. తొమ్మిదినుండి పదునొకండువరకు యెహెజ్కేలు గ్రంథము బెంగాలీలోనికి. అటుతరువాత ఈ ఉత్తరము, కడపట గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయము, నిద్ర.

అలసిన నలుబది నాలుగేండ్ల మనుష్యుడు, పగలంతయు నాలుగైదు భాషలతో పెనగులాడిన తరువాత, దీపము వెలిగించు వేళ తెలుగు అక్షరములను దిద్దుకొనుచుండుట తెలుగువారు మరువరాని దృశ్యము. ఈ దినమున అద్భుతమేదియు లేదు. పద్యమునకు పద్యము, పుటకు పుట, విసుగు లేక సాగిన పని మాత్రమే కలదు. తనయందు ఏదైన నేర్పున్నయెడల అది విడువక పట్టుకొని ప్రాకుచుండుటయే యని ఆయన ఎంచుకొనెడివాడు. ఆరు భాషలలో పూర్తి బైబిలును, మరి అనేక భాషలలో దాని భాగములును వెలువడినది ఈ విధముగనే.

కాలిపోయిన కాగితములు

1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున సేరంపూరు ముద్రాలయమున అగ్ని లేచెను. వార్డు, మార్ష్‌మన్, విద్యార్థులు, పనివారు ఎంత పోరాడినను రాత్రికి కప్పు కూలిపోయెను. కాగితపు నిలువలు, అనేక భాషల అక్షరములు, కేరీ ఏండ్లతరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతులు, ఆయన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కాలిపోయెను. కలకత్తాలోనున్న కేరీకి మరునాటి ఉదయమున మార్ష్‌మన్ పోయి ఈ వార్త చెప్పెను. సాయంకాలమునకు సేరంపూరు చేరి ఆ బూడిదలో నడచుచుండగా కేరీ కన్నులు చెమర్చెను.

అయినను ముద్రాయంత్రములు దక్కెను. బూడిద త్రవ్వగా అక్షరములు పోత పోయుటకు మూలమైన ఉక్కు అచ్చులు చెడక దొరికెను. కరిగిన సీసమును ప్రోగుచేసి పనివారు రాత్రింబగళ్లు అక్షరములు పోతపోసిరి. నడచిన బాటలో రెండవమారు నడచుట సులువని తలంచి కేరీ తిరిగి మొదలుపెట్టెను. ఇంగ్లండులోని సంఘములు రెండు నెలలలోపుననే నష్టమంతటికి సరిపడు పది వేల పౌండ్లు కూర్చెను. 1814లో కేరీ తెలుగు వ్యాకరణము అచ్చుపడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. విశాఖపట్నమున డెగ్రాంజి, ఆనందరాయరు మున్నగువారు చేసిన సువార్తల భాషాంతరము కూడ అంతకుముందు ఈ ముద్రాలయముననే ముద్రింపబడియుండెను. కేరీ తెలుగు భాషాంతరమునందు లోపములుండెను. తరువాతివారు దానిని విడిచి క్రొత్తగా చేయవలసివచ్చెను. విత్తువాడు ఒకడు, కోయువాడు మరియొకడు అగుట పొలములో క్రొత్త కాదు.

విరిగిన సహవాసము

అగ్నికంటె ఎక్కువ నొప్పి కలిగించినది మరియొకటి వచ్చెను. కేరీని పంపిన పాతమిత్రులలో సట్‌క్లిఫ్ 1814లో, ఫుల్లర్ 1815లో మరణించిరి. కమిటీలో చేరిన క్రొత్తవారు కేరీ ముఖము ఎరుగరు. సేరంపూరులోని ఇండ్లు, స్థలములు ఎవరి పేర నుండవలెను, ఎవరి అదుపులో నడువవలెను అను తగవు పుట్టెను. క్రొత్తగా వచ్చిన యువ మిషనరీలు, వారిలో కేరీ అన్నదమ్ముల బిడ్డ యూస్టేస్ కూడ, పెద్దల పద్ధతి నచ్చక కలకత్తాలో వేరు కాపురము పెట్టిరి. జీతములన్నియు ఉమ్మడి సంచికిచ్చిన వృద్ధులమీద, మిషను సొమ్ముతో ధనవంతులైరను అపవాదు ఇంగ్లండున వ్యాపించెను. కలకత్తా యువకులతో 1820లో సమాధానము కుదిరెను గాని, 1827లో సేరంపూరువారికిని మాతృసంఘమునకును సంబంధము తెగిపోయెను. అది తిరిగి కలిసినది 1837లో; అప్పటికి కేరీ లేడు.

తప్పంతయు ఒక ప్రక్కనే యుండెనని చెప్పజాలము. శనివారపు సాయంకాలములు ఒకే యింటిలోని వారిని కలిపి ఉంచగలిగెను. సముద్రమున కావలివారితో అట్టి సాయంకాలము లేకపోయెను. ఉత్తరము పోయి బదులు వచ్చుటకు ఏడాది పట్టెడిది. ముఖాముఖిగా కూర్చుండక వ్రాతలతోనే తగవు తీర్చుకొనబోయిన సంఘములకు ఇది హెచ్చరిక.

ఈ దినములలోనే గృహమున కూడ మరణములు కలిగెను. 1808లో వివాహమాడిన షార్లెట్ అను డేనిష్ స్త్రీ పదమూడు సంవత్సరములు ఆయనకు ప్రియమైన తోడుగా నుండి 1821లో మరణించెను. 1822లో ఫెలిక్సు, 1823 మార్చిలో వార్డు పోయిరి. అక్టోబరులో కేరీ పడవ దిగుచు పడి తుంటికి గాయమై మంచము పట్టెను. అప్పుడే దామోదర నది పొంగి సేరంపూరును ముంచెను. తోటలో నీరు నిలిచి ఎన్నో ఏండ్ల మొక్కలు నశించెను. కఱ్ఱల ఊతతో నిలువగలిగిన వెంటనే ఆయన మరల విత్తనములకు ఉత్తరములు వ్రాసి తోట నాటించెను. ఆ సమయమునకు ఆయన వయస్సు అరువది రెండు. తాను నాటిన చెట్ల నీడలో చాలకాలము కూర్చుండనని ఎరిగినవాడే.

సాయంకాలము

1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించు ఆజ్ఞ బెంగాలీ భాషాంతరము కొరకు కేరీ యొద్దకు వచ్చెను. అది ఆదివారము, ప్రసంగింపవలసియుండెను. ఒక గంట ఆలస్యమైనను కొందరు విధవరాండ్ర ప్రాణములు పోవునని తలంచి, ప్రసంగమును మరియొకరికి అప్పగించి, పండితునితో కూర్చుండి సాయంకాలమునకు ముగించెను. బల్లయొద్ద కూర్చుండి చేయు పని కూడ ఆరాధనయేనని ఆ ఆదివారము సాక్ష్యమిచ్చెను.

కడపటి మాసములలో నడువలేని కేరీని చక్రముల కుర్చీలో తోటలోనికి తీసికొనిపోవుచుండిరి. అదియు సాధ్యము కానప్పుడు పెద్ద తోటమాలి గదికే వచ్చి ఏ మొక్క పూచెనో, ఏది వాడెనో చెప్పుచుండెను. ఒకనాడు ఆయన మిక్కిలి విచారముగా నుండుట చూచి మార్ష్‌మన్ కారణమడుగగా, తాను పోయిన తరువాత సోదరుడు మార్ష్‌మన్ తోటలోనికి ఆవులను తోలునేమోయని దిగులుగా నున్నదని చెప్పెను. మార్ష్‌మన్ నవ్వుచు, తోట తనకు అంత ఇష్టము కాకపోయినను స్నేహితుని నిమిత్తము దానిని కాపాడెదనని మాట యిచ్చెను. ముప్పది నాలుగేండ్లు ఒకే బల్లయొద్ద భుజించిన యిద్దరు వృద్ధుల సంభాషణ ఇది. ఒకని ఆనందమును మరియొకడు కాపాడుదునని మాట యిచ్చుటకంటె సహవాసమునకు వేరే నిర్వచనము అక్కరలేదు.

1834 జూన్ 9వ తేదీ తెల్లవారుజామున విలియం కేరీ ప్రభువునందు నిద్రించెను. ఆయన మృతదేహమును సేరంపూరు క్రైస్తవ శ్మశానమున సమాధి చేసిరి. ఆయన కాలమున ఏర్పడిన ఉమ్మడి కుటుంబము చెదరిపోయెను. భాషాంతరములలో అనేకములను తరువాతివారు మార్చిరి. తోట కాలక్రమమున నశించెను. 1818లో స్థాపించిన కళాశాల నిలిచియున్నది.

అయితే ఆయన జీవించిన విధానము ఏ విశ్వాసికిని అందనిది కాదు. చేతిలోనున్న పనిని దేవునిదిగా ఎంచి చేయుట, సంపాదించినదానిని పంచుకొనుట, వారమునకొకసారి మనస్సు విప్పి క్షమించుకొనుట, తెల్లవారినప్పుడు ఒక మొక్కను చూచి సృష్టికర్తను స్తుతించుట – వీటికి విద్య అక్కరలేదు, ధనము అక్కరలేదు, సముద్రయానము అక్కరలేదు. పెరటిలో నాలుగు పాదులును, ఇంటిలో ఒక భోజనపు బల్లయు, శనివారము ఒక సాయంకాలమును ఉన్నచోట ఆ జీవితము నేడే మొదలుకాగలదు. ఆ బల్లయొద్ద డొరతీవలె మౌనముగా బాధపడువారెవరైన ఉన్నారేమో చూచుకొని మొదలుపెట్టుట మేలు.